క్రిమి, పురుగు, తెగులు, వైరస్: ఊళ్ళో అతికించే పోస్టర్‌లో ఏ మాట వాడాలి?

సుజాత_సీహెచ్‌ఓ
అందరికీ నమస్కారం. ఏలూరు వైపు ఒక ఊళ్ళో ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేస్తున్నాను. యాంటీబయాటిక్స్‌ని అవసరం లేకుండా వాడొద్దని చెప్పే పోస్టర్ ఒకటి, ఆశా కార్యకర్తల కోసం రెండు పేజీల కరపత్రం ఒకటి తెలుగులో తయారుచేస్తున్నాను. మాటల దగ్గరే ఆగిపోయాను.

"వైరల్ జ్వరానికి యాంటీబయాటిక్ పనిచేయదు" అనేది చెప్పాల్సిన విషయం. అది అర్థం కావాలంటే వైరస్ వేరు, బ్యాక్టీరియా వేరు అని ముందు తెలియాలి. మా దగ్గర ఈ రెండిటికీ ఒకటే మాట, క్రిమి. కడుపులో నులిపురుగులూ క్రిములే, పుండులో చీము పట్టినా క్రిమే, నేల తుడిచే ఫినాయిల్ క్రిములు చచ్చే మందు, చేలో కొట్టేది క్రిమిసంహారక మందు. "క్రిములు చచ్చే మందు ఏదైనా రాయండమ్మా, రెండు రోజుల్నుంచి ఒళ్ళు నొప్పులు" అని అడిగే మనిషికి ఏ మాటతో మొదలుపెట్టి చెప్పాలి?

పాఠ్యపుస్తకాల్లో సూక్ష్మజీవి, శిలీంధ్రం (ఫంగస్), పరాన్నజీవి అని ఉన్నాయి. అవి మా ఊళ్ళో నడుస్తాయా? నడవకపోతే వేరే దారి ఏముంది? మీ ప్రాంతంలో జనం నిజంగా వాడే మాటలు కూడా చెబితే బాగుంటుంది.

పలుకుబడి
సుజాత గారూ, చాలా అవసరమైన చర్చ మొదలుపెట్టారు. నేను చాలాకాలం పాఠ్యపుస్తకాల అనువాదం చేశాను, అందుకని ఆ వైపు నుంచి చెబుతాను.

మనకి శాస్త్ర పదాల కొరత లేదు. తెలుగు అకాడమీ 1968లో మొదలైన దగ్గర్నుంచి ఇంటర్, డిగ్రీ పుస్తకాల కోసం వేల మాటలు స్థిరపడ్డాయి. కేంద్రకపూర్వ జీవులు, కణకవచం, కశాభం, మిథ్యాపాదాలు, అతిథేయి, వాహకం, పొదిగే కాలం, ప్రతిజనకం, ప్రతిరక్షకం. తెలుగు మీడియంలో జీవశాస్త్రం చదివినవాళ్ళకి ఇవి ఇంటి మాటలే. బ్యాక్టీరియా ఆకారాలకు కూడా గోళాకారం, దండాకారం, సర్పిలాకారం అని చక్కగా కుదిరాయి.

వైరస్‌కి విషాణువు అనే మాట ఉంది. లాటిన్‌లో వైరస్ అంటే విషమే, కాబట్టి అర్థం కూడా సరిపోతుంది. కానీ మన దగ్గర అది పుస్తకాల్లో కూడా సరిగ్గా నిలబడలేదు. అణువు అనగానే మనవాళ్ళకి అణుబాంబు, అణువిద్యుత్తు గుర్తొస్తాయి తప్ప జీవి గుర్తురాదు. నా అభిప్రాయం: సూక్ష్మజీవి అనే మాట తప్పకుండా వాడండి, అది వింటూనే అర్థమవుతుంది. వైరస్, బ్యాక్టీరియాలను అలాగే ఉంచండి. క్రిమి అనే మాటను మాత్రం పోస్టర్‌లోకి రానివ్వకండి. సంస్కృతంలో కృమి అంటే పురుగే. జంతుశాస్త్రంలో ఇప్పటికీ ఆ అర్థంలోనే వాడతారు.

ల్యాబ్_రమేష్
పలుకుబడి గారు చెప్పినదానికి ల్యాబ్ వైపు నుంచి కొంచెం కలుపుతాను. ఈ మాటలన్నీ కలిసిపోవడానికి ఒక కారణం, వీటిలో ఏదీ కంటికి కనబడదు. కనబడనివన్నీ ఒకే సైజు అనుకుంటారు. కాదు.

ఒక మిల్లీమీటర్‌ని వెయ్యి భాగాలు చేస్తే ఒక భాగం ఒక మైక్రాన్. మన ఎర్ర రక్తకణం 7, 8 మైక్రాన్లు ఉంటుంది. మలేరియా పరాన్నజీవి దాని లోపల దూరి పెరుగుతుంది. పేగుల్లో ఉండే ఈ.కోలై బ్యాక్టీరియా పొడవు సుమారు 2 మైక్రాన్లు. పోలియో వైరస్ ఒక మైక్రాన్‌లో వందో వంతులు మూడే. మనిషికి జబ్బు తెచ్చే వైరస్‌లలో పెద్దదైన మశూచి వైరస్ కూడా మైక్రాన్‌లో సుమారు మూడో వంతే. మా బల్ల మీద ఉండే సూక్ష్మదర్శినిలో నూనె చుక్క వేసి 100 లెన్స్ పెడితే వెయ్యి రెట్లు పెద్దగా కనిపిస్తుంది. బ్యాక్టీరియా, మలేరియా అందులో దొరుకుతాయి. డెంగ్యూ వైరస్ ఎంతసేపు చూసినా దొరకదు. దానికి ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి, అది 1930లలో గానీ రాలేదు. అందుకే డెంగ్యూకి మేము వైరస్‌ని చూడం. వైరస్ ప్రొటీన్‌నో, దాని మీద ఒళ్ళు తయారుచేసిన ప్రతిరక్షకాలనో (యాంటీబాడీలు) పట్టుకునే కిట్ వాడతాం.

వాడుకలో ఉన్న మాటలు: తెమడ పరీక్ష అంటే టీబీకి. కొన్నిచోట్ల కళ్ళె పరీక్ష అంటారు. రక్తపూత అంటే మలేరియాకి గాజుపలక మీద తీసే రక్తం. కల్చర్‌కి (బ్యాక్టీరియాని పెంచి చూసే పరీక్ష) పుస్తకాల్లో వర్ధనం అని ఉంది, పేషెంట్లు మాత్రం "కల్చర్‌కి ఇచ్చాం, రెండు రోజులు ఆగమన్నారు" అంటారు. ఆ మాట అలాగే ఉండనివ్వండి.

పొలంగట్టు
నేను ప్రకాశం జిల్లా రైతుని, మిరప, మినుము, కొంత వరి. సుజాత గారూ, మీరు పోస్టర్ రాసేది రైతుల ఊళ్ళోనే కదా. అయితే మీకు కావలసిన తేడా వాళ్ళకి ఎప్పుడో తెలుసు, మాటలు కూడా ఉన్నాయి. పురుగు వేరు, తెగులు వేరు.

కంటికి కనిపించి ఆకు తినేది, రసం పీల్చేది పురుగు. పురుగు కనబడకుండా ఆకు మాడినా, మచ్చలు వచ్చినా, ముడుచుకున్నా అది తెగులు. పురుగు పడుతుంది, తెగులు సోకుతుంది. క్రియ కూడా మారుతుంది చూడండి. పురుగు మందు కొడితే తెగులు పోదని ఏ రైతుకీ చెప్పనక్కర్లేదు, డబ్బులు పోగొట్టుకుని నేర్చుకున్న సంగతి అది. దుకాణంలో కూడా పురుగుకా, తెగులుకా, కలుపుకా అని అడిగే మందు ఇస్తారు.

అంటే మనకు మందులు పురుగుకి వేరు, తెగులుకి వేరు అయినట్టే మనిషి జబ్బులోనూ ఉంటాయని చెప్పండి. వెంటనే అర్థమవుతుంది. తెగుళ్ళలోనూ మళ్ళీ మూడు రకాలున్నాయి. వరిలో అగ్గి తెగులు శిలీంధ్రం. ఎండాకు తెగులు బ్యాక్టీరియా. మినుములో, పెసరలో పల్లాకు తెగులు వైరస్. పల్లాకు వస్తే దానికి నేరుగా మందు లేదని మాకు తెలుసు. తెల్లదోమ మోసుకొస్తుంది కాబట్టి దోమని అరికడతాం, సోకిన మొక్కల్ని పీకేస్తాం. డెంగ్యూ కూడా అంతే కదా?

సుజాత_సీహెచ్‌ఓ
పొలంగట్టు గారూ, ఇది నాకు తట్టనే లేదు! డెంగ్యూకి వైరస్‌ని చంపే మందు లేదు, దోమల్ని అరికట్టాలి, నీళ్ళు, ద్రవాలు తాగించాలి, ప్రమాద లక్షణాలు కనిపిస్తే పెద్దాసుపత్రికి పంపాలి. పల్లాకు తెగులు మాట ఎత్తితే మా ఊళ్ళో ముసలివాళ్ళకి కూడా అర్థమవుతుంది.

పశువైద్యం_అనంత
నేను అనంతపురం జిల్లాలో పశువైద్యుణ్ణి. మా రంగంలో తెలుగు పేర్లు ఎంత బాగుంటాయో చెప్పకుండా ఉండలేను. మనుషుల జబ్బులకి ఇంగ్లీషు పేర్లు స్థిరపడ్డాయి గానీ పశువుల జబ్బులకి ఇప్పటికీ కాపరులు పెట్టిన పేర్లే మేం రికార్డుల్లో కూడా రాస్తాం.

గొంతువాపు బ్యాక్టీరియా, వర్షాలకి ముందే టీకా వేయాలి. జబ్బవాపు కూడా బ్యాక్టీరియానే, కండరంలో గాలి చేరి, నొక్కితే చిటచిట శబ్దం వస్తుంది. తొలకరి తరువాత లేత గడ్డి మేసిన గొర్రె నిలబడ్డది నిలబడ్డట్టే పడి చచ్చిపోతే చిటుక రోగం, అది పేగుల్లో బ్యాక్టీరియా వదిలే విషం. గాలికుంటు వైరస్: నోట్లో, గిట్టల మధ్య పుండ్లు, కుంటి నడక. గాలి ద్వారా కూడా పాకుతుంది, పేరులోనే గాలి ఉంది. కోళ్ళకి కొక్కెర, అదీ వైరసే. గొర్రెలకి నీలినాలుక వైరస్, చిన్న కుట్టే ఈగలు మోసుకొస్తాయి. కడుపులో ఏలికపాముల్లాంటివన్నీ కలిపి నట్టలు. నట్టల మందు అంటే ప్రతి గొర్రెలకాపరికీ తెలుసు.

చూడండి, వాళ్ళ భాషలో నట్టలకి వేసే మందు వేరు, చిటుక రాకుండా వేసే టీకా వేరు. కలిపేయరు. మనుషుల దగ్గరికి వచ్చేసరికే అన్నీ క్రిమిలో కలిసిపోయాయి.

ఒక హెచ్చరిక కూడా. దొమ్మ రోగంతో (ఆంత్రాక్స్) పశువు చచ్చిపోతే కోయకండి, తోలు తీయకండి, తినకండి. ఇది బ్యాక్టీరియానే గానీ మట్టిలో ఏళ్ళ తరబడి బతికే రూపంలోకి మారిపోతుంది. మనుషులకి కూడా సోకుతుంది.

పలుకుబడి
డాక్టర్ గారూ, మీరు చెప్పిన ఆ రూపానికి పుస్తకాల్లో సిద్ధబీజం అంటారు. శిలీంధ్రాల్లోనూ సిద్ధబీజాలే. కానీ పని వేరు. శిలీంధ్రం సిద్ధబీజాలతో సంతానాన్ని పెంచుకుంటుంది. దొమ్మ బ్యాక్టీరియా ఒక్కటి ఒక్క సిద్ధబీజంగానే మారుతుంది, అది గడ్డుకాలం దాటడానికి. అందుకే రెండోదాన్ని అంతర్సిద్ధబీజం అని వేరుచేశారు. ధనుర్వాతం తెచ్చే బ్యాక్టీరియా కూడా ఇలాగే మట్టిలో ఉంటుంది.

మన్యం_మాస్టారు
దొమ్మ గురించి డాక్టర్ గారు చెప్పింది అక్షరాలా నిజం. మా విశాఖ మన్యంలో చచ్చిన పశువు మాంసం తిని మనుషులకి సోకిన సందర్భాలున్నాయి. ఒంటి మీద నల్లటి పెచ్చు కట్టిన పుండు లేస్తుంది.

నేను పాడేరు వైపు బడిలో సైన్స్ చెబుతాను. మలేరియా మా దగ్గర పాఠం కాదు, ప్రతి వానాకాలం ఇంట్లో ఉండే జబ్బు. పెద్దవాళ్ళు చలిజ్వరం అంటారు. పిల్లలకి ఆశా అక్కలు చెప్పి చెప్పి "పీఎఫ్ వచ్చింది", "పీవీ వచ్చింది" అనేవి కూడా నోటికి వచ్చేశాయి. ఫాల్సిపారం, వైవాక్స్ అనే రెండు మలేరియా రకాలన్నమాట. ఇది బ్యాక్టీరియా కాదు, వైరస్ కాదు, ఏకకణ పరాన్నజీవి అని చెబుతాను. పరాన్నజీవి అనే మాట పిల్లలు ఇట్టే పట్టుకుంటారు. పర, అన్నం, జీవి. పరుల అన్నం మీద బతికేది. ఇంతకంటే తేలికైన మాట ఏముంటుంది? సుజాతమ్మా, ఆ మాట పోస్టర్‌లో భయం లేకుండా వాడండి.

మనందరికీ గర్వకారణమైన సంగతి ఒకటి. దోమ కడుపు గోడలో మలేరియా పరాన్నజీవిని రొనాల్డ్ రాస్ చూసింది మన సికింద్రాబాద్‌లోనే, 1897 ఆగస్టు 20న. 1902లో ఆయనకి నోబెల్ వచ్చింది. ఆగస్టు 20ని ఇప్పటికీ ప్రపంచ దోమల దినంగా జరుపుతారు.

నల్లకుంట_వాసి
మాస్టారూ, రాస్ పేరు ఎత్తారు కాబట్టి. హైదరాబాద్‌లో అంటువ్యాధుల పెద్దాసుపత్రికి కూడా ఆయన పేరే పెట్టారు, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్. కానీ మా పెద్దవాళ్ళు దాన్ని కోరంటి దవాఖాన అనే అంటారు. క్వారంటైన్ అనే మాటే జనం నోట్లో కోరంటి అయింది. కుక్క కరిస్తే కోరంటికి, కంఠసర్పి (డిఫ్తీరియా) అయితే కోరంటికి, కలరా అయితే కోరంటికి. 2020లో టీవీలన్నీ క్వారంటైన్, క్వారంటైన్ అంటుంటే మా నాయనమ్మకి అది కొత్త మాట కాదు.

అందుకే నాకు అనిపించేది, బయటి మాట వస్తే వచ్చింది, జనం దాన్ని తమ నోటికి తగ్గట్టు చేసుకుంటారు. టీకా అనే మాట చూడండి, అదీ మొదట మనది కాదు. ఇప్పుడు టీకా తెలుగు కాదంటే ఎవరూ ఒప్పుకోరు. వైరస్ కూడా అట్లనే అయిపోయింది.

డెస్క్_వాసు
పత్రికలో సబ్ ఎడిటర్‌ని. మేము రోజూ ఎదుర్కొనే ఇబ్బంది ఇది. వానాకాలం మొదలయితే చాలు, "మంచం పట్టిన గ్రామం, విజృంభిస్తున్న విషజ్వరాలు" అని వార్తలు వస్తాయి. విషజ్వరం అంటే ఏమిటి? టైఫాయిడా, డెంగ్యూనా, మలేరియానా, స్క్రబ్ టైఫస్సా? ఏదైనా కావచ్చు. కారణం తేలనప్పుడు ఆ మాట పనికొస్తుంది, నిజమే. కానీ పరీక్షల ఫలితాలు వచ్చాక కూడా అదే రాస్తే పాఠకుడికి తీరని నష్టం. టైఫాయిడ్ అయితే నీళ్ళ ట్యాంకు చూసుకోవాలి, మలేరియా, డెంగ్యూ అయితే దోమల సంగతి చూసుకోవాలి, స్క్రబ్ టైఫస్ అయితే పొదల్లో, గడ్డిలో కుట్టే నల్లిలాంటి చిన్న జీవి సంగతి చూసుకోవాలి. పైగా టైఫాయిడ్‌కీ, స్క్రబ్ టైఫస్‌కీ యాంటీబయాటిక్ కావాలి, డెంగ్యూకి అక్కర్లేదు. ఒక్క విషజ్వరం అనే మాట కింద ఇవన్నీ కనబడకుండా పోతున్నాయి. నేను ఎడిట్ చేసే వార్తల్లో జబ్బు పేరు తెలిస్తే ఆ పేరే పెడుతున్నాను.

ఇంకోటి బ్లాక్ ఫంగస్. 2021లో ఆ పేరు ఎంత భయపెట్టిందో మీకు గుర్తుండే ఉంటుంది. ఆ శిలీంధ్రం నల్లగా ఉంటుందని చాలామంది అనుకున్నారు. అది రక్తనాళాల్లోకి చొరబడి రక్తం అందకుండా చేస్తే అక్కడి కండ చచ్చి నల్లబడుతుంది. నలుపు మన కండది. ఫ్రిజ్‌లో ఉల్లిపాయ మీద నల్లమచ్చ చూసి జనం పారేసిన రోజులవి.

సుజాత_సీహెచ్‌ఓ
వాసు గారూ, మా మండలంలోనూ ఈ విషజ్వరం మాటతో అవస్థ ఉంది. "మీరు ఏ జ్వరమో చెప్పట్లేదు, విషజ్వరం అంట కదా" అని అడుగుతారు.

శిలీంధ్రం గురించి ఒకటి అడగాలి. మా దగ్గర తామర చాలా ఎక్కువైంది. మెడికల్ షాపులో మూడు నాలుగు మందులు కలిపిన క్రీము ఇస్తున్నారు, అందులో స్టెరాయిడ్ ఉంటుంది. రాసిన రెండు రోజులు దురద తగ్గుతుంది, తరువాత తామర ఒళ్ళంతా పాకుతుంది. తామర అంటే ఫంగస్ అని చెబితే వాళ్ళకి అర్థం కాదు, శిలీంధ్రం అన్నా అర్థం కాదు. బూజు అనొచ్చా?

పొలంగట్టు
బూజు అనండమ్మా. ఊరగాయ మీద పట్టేది, రొట్టె మీద పట్టేది బూజే కదా, అదీ శిలీంధ్రమే. మా తెగుళ్ళ పేర్లలో బూడిద తెగులు, తుప్పు తెగులు, కాటుక తెగులు ఇవన్నీ ఆ జాతివే. పైన పొడిలాగా కనిపిస్తుంది కాబట్టి ఆ పేర్లు. మంచి బూజు కూడా ఉంది, ట్రైకోడెర్మా విరిడి. పశువుల ఎరువులో కలిపి పెంచి నేలలో వేస్తాం, వేరుకుళ్ళు తెచ్చే శిలీంధ్రాన్ని అదే అణిచేస్తుంది.

అయితే పేర్లు చూసి మోసపోకూడదు. తామర మనిషికి వస్తే బూజు జాతి. పొలంలో తామర పురుగు అంటే రసం పీల్చే సన్నటి పురుగు. 2021లో మిరపని నాశనం చేసిన నల్ల తామర పురుగు ఇదే జాతి. గజ్జి మనిషికి వస్తే చర్మంలో దూరే చిన్న జీవి, నిమ్మచెట్టుకి గజ్జి తెగులు వస్తే బ్యాక్టీరియా. వేరుశనగలో మొదలుకుళ్ళు శిలీంధ్రం, మొవ్వుకుళ్ళు మాత్రం వైరస్, తామర పురుగులు మోసుకొస్తాయి. రెండిట్లోనూ కుళ్ళే. పాత పేర్లు కంటికి కనిపించినదాన్ని బట్టి పెట్టినవి. లోపల ఏముందో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

పశువైద్యం_అనంత
అవును. 2000లో మా అనంతపురం జిల్లాలో వేరుశనగ కాండం మాడి చచ్చిపోయినప్పుడు చాలామంది శిలీంధ్రం మందులు కొట్టారు. శాస్త్రవేత్తలు పరీక్షించి అది వైరస్ అని తేల్చారు. వయ్యారిభామ కలుపుమొక్క పుప్పొడి, తామర పురుగులు కలిసి మోసుకొచ్చాయి. చేలచుట్టూ వయ్యారిభామ పీకడమే అసలు మందు అని అప్పుడు తెలిసింది.

ల్యాబ్_రమేష్
పైన ఇద్దరూ చెప్పిందే పోస్టర్‌లో మొదటి లైన్ కావాలి. పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.

మిరియాల_తోట
ఒక సందేహం. బీటీ పత్తిలో బీటీ అంటే కూడా ఏదో బ్యాక్టీరియా అంటారు, నిజమేనా?

పొలంగట్టు
నిజమే. బ్యాసిల్లస్ తురింజియెన్సిస్ అనే మట్టి బ్యాక్టీరియా. అది తయారుచేసే ప్రొటీన్ కాయతొలిచే పురుగు పొట్టలో పుండు చేసి చంపుతుంది. ఆ జన్యువుని పత్తిలో పెట్టారు. మన దేశంలో 2002లో అనుమతి వచ్చింది. అంతకుముందు నుంచీ శనగపచ్చ పురుగు మీద మేము ఎన్‌పీవీ కొట్టేవాళ్ళం, అది వైరస్ ద్రావణం. పురుగుకి వైరస్ సోకి చెట్టు కొమ్మకి తలకిందులుగా వేలాడుతుంది. వైరస్ అంటే మనిషికి వచ్చేదొకటే కాదని రైతుకి తెలుసు.

సుజాత_సీహెచ్‌ఓ
మీ అందరి మాటలూ చూసి ఈ వాక్యం రాసుకున్నాను: "పురుగు మందు కొడితే తెగులు పోదు. యాంటీబయాటిక్ మింగితే వైరస్ పోదు." ఎలా ఉంది?

నల్లకుంట_వాసి
సుజాతక్కా, వాక్యం బాగుంది, గుర్తుంటుంది. కానీ ఒక్క మాట నన్ను భయపెడుతోంది. నేను ఆసుపత్రిలో కౌన్సెలర్‌గా పనిచేస్తాను. పురుగుల మందు అనగానే మన ఊళ్ళలో గుర్తొచ్చేది వేరే. చాలా ఇళ్ళలో ఆ మాట వెనక ఒక చావు ఉంటుంది. యాంటీబయాటిక్ పక్కన ఆ మాట రాస్తే, అది విషం అనే భావం పడిపోతుంది. టీబీ మందులు వాడుతున్నవాళ్ళు పోస్టర్ చూసి ఆపేస్తే? టీబీ మందులు 6 నెలలు పూర్తిగా వాడకపోతే మందుకి లొంగని టీబీ రావచ్చు. దయచేసి ఆ మాట మార్చండి.

మన్యం_మాస్టారు
వారు చెప్పింది ముమ్మాటికీ నిజం. నేను కూడా ఒప్పుకోను ఆ మాటకి.

పొలంగట్టు
ఆ సంగతి నాకూ గట్టిగా తగిలింది. మా పక్క ఊళ్ళో... వద్దులెండి. పురుగు మందు తీసేయండి. దానికంటే సరైనది ఉంది. రెండూ తెగుళ్ళే తీసుకోండి. అగ్గి తెగులుకి కొట్టే ట్రైసైక్లజోల్ ఎండాకు తెగులుకి పనిచేయదు, అది శిలీంధ్రం, ఇది బ్యాక్టీరియా. ఎండాకు తెగులు వస్తే యూరియా ఆపి, చేలో నీళ్ళు తీసేస్తాం. ఏ తెగులో తెలుసుకోకుండా మందు కొడితే డబ్బులు దండగ. విషం మాట రాదు, శాస్త్రం కూడా తప్పదు.

పలుకుబడి
ఇది చాలా మంచి మార్పు. పురుగు, తెగులు అన్నప్పుడు ఒకటి కంటికి కనిపించేది, ఒకటి కనిపించనిది. ఇప్పుడు రెండూ కనిపించనివే, రకాలు వేరు. మనం చెప్పాలనుకున్నది సరిగ్గా ఇదే.

పశువైద్యం_అనంత
మందుకి లొంగకపోవడం అనే మాట కూడా వాడండి. నిరోధకత అని రాస్తే వ్యాధి నిరోధకతతో కలిసిపోతుంది, అది మంచిది, ఇది చెడ్డది. "మందుకు లొంగని బ్యాక్టీరియా" అంటే తికమక లేదు. కోళ్ళఫారాల్లోనూ ఈ జాగ్రత్త కావాలి. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్ మనుషులకి వేరే ఏ మందూ పనిచేయనప్పుడు ఆఖరుగా ఇచ్చేది. దాన్ని కోళ్ళ మేతలో కలిపేవారు. 2019లో కేంద్రం పశువులకీ కోళ్ళకీ దాని తయారీ, అమ్మకం నిషేధించింది.

సుజాత_సీహెచ్‌ఓ
"మందుకు లొంగని" రాసుకున్నాను. మందు పట్టీ మీద ఎర్ర గీత గురించి కూడా పెడుతున్నాను. ఎర్ర గీత ఉంటే యాంటీబయాటిక్ అని రాయొచ్చా?

ల్యాబ్_రమేష్
అలా రాయకండి. ఎర్ర గీత ఉన్న ప్రతి మందూ యాంటీబయాటిక్ కాదు. డాక్టర్ రాసిస్తేనే వాడాల్సిన చాలా మందుల మీద ఉంటుంది. 2016లో యాంటీబయాటిక్స్ కోసమే కేంద్రం దీన్ని బాగా ప్రచారం చేసింది. "ఎర్ర గీత ఉన్న మాత్ర డాక్టర్ చీటీ లేకుండా కొనకండి" అంటే చాలు. ప్రిస్క్రిప్షన్ అనొద్దు, చీటీ అనండి.

డెస్క్_వాసు
సుజాత గారూ, మీది పశ్చిమగోదావరికి దగ్గర కదా. ఆశా కార్యకర్తల కరపత్రంలో శాస్త్రవేత్త ఎల్లాప్రగడ సుబ్బారావు గారిని తప్పకుండా పెట్టండి. భీమవరంలో పుట్టిన మనిషి. అమెరికాలో లెడర్లీ ల్యాబొరేటరీస్‌లో ఆయన పరిశోధనా బృందాల నుంచి వచ్చిందే బోదకాలు మందు డీఈసీ. ఏటా ఇంటింటికీ తిరిగి మీరు పంచిన మాత్రలు అవే. టెట్రాసైక్లిన్ జాతిలో మొదటి యాంటీబయాటిక్ ఆరియోమైసిన్ కూడా ఆయన నాయకత్వంలో ఉన్న పరిశోధనా విభాగం నుంచే 1948లో వచ్చింది. ఆయన అదే ఏడాది చనిపోయారు. ఒక శిలీంధ్ర ప్రజాతికి ఆయన గౌరవార్థం సుబ్బారోమైసిస్ అని పేరు పెట్టారు. మనవాళ్ళలో చాలామందికి ఇది తెలియకపోవడం బాధ కలిగిస్తుంది.

సుజాత_సీహెచ్‌ఓ
వాసు గారూ, కళ్ళు చెమర్చాయి. బోదకాలు పరీక్షకి రాత్రిపూట ఇంటింటికీ వెళ్ళి రక్తం తీస్తాం, ఆ పురుగు పిల్లలు రాత్రి వేళే చర్మం దగ్గరి రక్తంలోకి వస్తాయి కాబట్టి. "రాత్రిపూట ఎందుకమ్మా" అని విసుక్కునేవాళ్ళకి ఈ కథ చెబుతాను. కరపత్రం మొదటి పేజీలోనే పెడతాను.

పోస్టర్ ఇది. ఇంకేమైనా మార్చాలంటే చెప్పండి.

*జ్వరం వచ్చిందా? ఏ జ్వరమో పరీక్ష చేస్తేనే తెలుస్తుంది.*
*అగ్గి తెగులు మందు ఎండాకు తెగులుకు పనిచేయదు. బ్యాక్టీరియాకు ఇచ్చే యాంటీబయాటిక్ వైరస్‌కు పనిచేయదు.*
*జలుబు, ఫ్లూ, డెంగ్యూ: వైరస్. యాంటీబయాటిక్ వద్దు.*
*టీబీ, టైఫాయిడ్: బ్యాక్టీరియా. డాక్టర్ రాసిన మందు, రాసినన్ని రోజులూ వాడాలి.*
*మలేరియా: పరాన్నజీవి. దాని మందు వేరు.*
*తామర: బూజు జాతి. షాపులో అడిగి క్రీము కొనకండి.*
*ఎర్ర గీత ఉన్న మాత్ర డాక్టర్ చీటీ లేకుండా కొనకండి.*

మన్యం_మాస్టారు
బాగుందమ్మా. మా బడి గోడ మీద కూడా రాయిస్తాను. మా దగ్గర మలేరియాని పైకి తెచ్చి రెండో వరుసలో పెడతాను.

ల్యాబ్_రమేష్
డెంగ్యూ పక్కన చిన్న వరుస కలపండి: నొప్పికి, జ్వరానికి సొంతంగా బ్రూఫెన్, ఆస్పిరిన్ వేసుకోవద్దు, రక్తస్రావం ప్రమాదం. పారాసిటమాల్ చాలు. యాంటీబయాటిక్ వద్దు అంటే దాని బదులు నొప్పి మాత్ర కొనేవాళ్ళు ఉంటారు.

సుజాత_సీహెచ్‌ఓ
కలిపాను రమేష్ గారూ. రేపు మెడికల్ ఆఫీసర్ గారికి చూపించి ప్రింటింగ్‌కి ఇస్తున్నాను. ఫైల్ ఇక్కడే పెడతాను, మాస్టారిలాగా ఎవరి ప్రాంతానికి తగ్గట్టు వాళ్ళు పంట పేరు, జబ్బు పేరు మార్చుకుని వాడుకోండి.